ఎముకలాయన ఏడీ అమ్మమ్మా?

పోయిన కార్తీకంలో మా మనవరాలు నన్నొక ప్రశ్న అడిగింది. నేను జవాబు చెప్పలేదు. తెలియక కాదు, చెప్పే ధైర్యం లేక. ఈ వారం మీతో వేరే సంగతి మాట్లాడదామని కాగితాలు ముందేసుకున్నాను గానీ, ఇది తేలకుండా మరొకటి రాయబుద్ధి కావడం లేదు.

మాది ఆత్మకూర్. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. మా ఊరి ఆడపిల్ల ఏ ఊరికి కాపురానికి పోయినా దీపావళి వెళ్లిందంటే చాలు, మనసు ఇటే లాగుతుంది. కురుమూర్తి జాతర అంటే మాకంత. స్వామి నగలు మా ఆత్మకూర్ బ్యాంకులోనే భద్రంగా ఉంటాయి. జాతరకు అవి ఇక్కడి నుంచే ఊరేగింపుగా కొండకు వెళ్తాయి. చిన్న వడ్డెమాన్ నుంచి స్వామి పాదుకలు వస్తాయి. వాటిని మేం ఉద్దాలంటాం. ఆ ఉద్దాల వేడుక చూడ్డానికి వచ్చే జనాన్ని చూస్తే నేల ఈనిందా అనిపిస్తుంది.

కానీ నిజం చెప్పాలి. చిన్నప్పుడు మాకు స్వామి మీద ఎంత భక్తో, కొండ కింద వెలిసే గుడారాల మీదా అంతే భక్తి. రంగులరాట్నం, చెక్క బావిలో గిరగిరా తిరిగే మోటారు సైకిలు, పొట్టివాళ్లను పొడుగ్గానూ బక్కవాళ్లను లావుగానూ చూపే అద్దాలు, పాము ఒంటికి ఆడపిల్ల తల ఉన్న నాగకన్య. గాజులు, బొరుగులు కొనగా మిగిలిన చిల్లర అంతా అక్కడే అయిపోయేది.

ఇప్పుడు వాటికి తోడు భూత్ బంగ్లా వచ్చింది. రేకులతో కట్టిన చీకటి దారి. అంతకు ముందటేడు మా చెల్లెలితో కలిసి వెళ్లి చూశాను. మధ్యలో ఒక చెక్క పెట్టె ఉంది. దాని ముందున్న పలక మీద కాలు పెట్టగానే మూత కిర్రుమని లేచింది. లోపలి నుంచి ఎముకల గూడు నిటారుగా లేచి కూర్చుని, తల అటూ ఇటూ ఊపి, మళ్లీ పడుకుంది. యాభై ఏళ్లు దాటిన దాన్ని, గుండె జారిపోయి చెల్లెలి చెయ్యి గిచ్చేశాను. బయటికొచ్చి ఇద్దరం నవ్వలేక చచ్చాం.

ఆ కథ మనవరాలికి ఏడాది పొడుగునా ఫోనులో చెబుతూనే ఉన్నాను. దానికి ఏడేళ్లు. హైదరాబాద్‌లో ఉంటుంది. "ఎముకలాయన ఏం చేస్తున్నాడు అమ్మమ్మా?" అని అడిగేది. "పడుకున్నాడే, కార్తీకంలో లేస్తాడు" అనేదాన్ని.

కార్తీకం వచ్చింది. పిల్లను తీసుకుని వెళ్లాను. అదే గుడారం. బయట రేకు మీద అదే ఎముకల బొమ్మ, కళ్లకు ఎర్ర బల్బులు. టికెట్టు యాభై రూపాయలు, కిందటేడు ఉన్నదే. లోపలికి వెళ్లాం. పలక మీద పిల్ల రెండు కాళ్లతో ఎగిరి దూకింది. ఏమీ కాలేదు. మళ్లీ దూకింది. మూత తీసే ఉంది, పెట్టె ఖాళీ. ఒక వైరు బయటికి వేలాడుతోంది. అంతలో మూల నుంచి నల్ల దుప్పటి కప్పుకున్న ఎవరో "వా..." అని అరుస్తూ మీదికొచ్చారు. అరుపు సగంలోనే దగ్గు తెర వచ్చింది. మా పిల్ల భయపడలేదు. "నీళ్లు తాగుతావా అన్నా?" అంది.

బయటికి రాగానే నేరుగా టికెట్ల దగ్గరికే పోయింది. "ఎముకలాయన లేడు" అంది. అక్కడున్న మనిషి దాని వంక కూడా చూడలేదు. "ఉంది పాపా, నువ్వే సరిగ సూడలే" అన్నాడు.

అప్పుడు అది నా వైపు తిరిగింది. "నువ్వు చూశావా అమ్మమ్మా? ఎముకలాయన ఏడీ?"

వెనక జనం తోసుకొస్తున్నారు. బస్సు వేళవుతోంది. యాభై రూపాయల కోసం జాతరలో గొడవేమిటి! "పోనీలేవే, వచ్చేయేడు చూద్దాం పద" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అది మరి మాట్లాడలేదు. కొనిపెట్టిన జిలేబీ కూడా సగమే తిన్నది.

యంత్రం చెడిపోవడం తప్పు కాదు. ఈ గుడారాల వాళ్ల కష్టం నేనెరుగుదును. ఊరూరా విప్పడం, లారీకెక్కించడం, మళ్లీ కట్టడం. ఎముకల గూడు లేవాలంటే ఒక చిన్న మోటారు, దానికో కమ్మీ, పలక కింద స్విచ్చు ఉంటే చాలు. కానీ లారీ కుదుపుకు కమ్మీ వంగుతుంది. వేల పాదాలు తొక్కిన దుమ్ము స్విచ్చులో చేరుతుంది. రాత్రి మంచు దిగుతుంది. జనరేటరు కరెంటు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. మన ఇంట్లో ఒక్క చోట కదలకుండా ఉండే మిక్సీ మోటారే రెండేళ్లకు కాలిపోతుంటే, వాళ్లది కాలదా?

కోట్ల డాలర్లు పోసి కట్టిన చోట్లా ఇదే బాధ. అమెరికాలో డిస్నీవారి యానిమల్ కింగ్‌డమ్ అనే పార్కులో 2006లో ఎవరెస్టు కొండ లాంటిది కట్టి, దాని లోపలికీ బయటికీ రైలు పరుగెత్తించారు. కొండ లోపల మంచుమనిషి, యెతి. దాదాపు పాతికడుగుల బొమ్మ. రైలు దాని కింద నుంచి పోతుంటే చెయ్యి చాచి మీదికి వంగేది. కొన్ని నెలలకే ఆ కదలిక ఆగిపోయింది. చుట్టూ కొండ కట్టేసి ఉంది, అంత పెద్ద యంత్రాన్ని బయటికి తీసి బాగుచేయడం మాటలా? బొమ్మను కదలకుండా ఉంచి, దాని మీద టపటపా వెలిగి ఆరే దీపాలు పెట్టారు. దీపం అదిరితే బొమ్మే అదిరినట్టు ఉంటుందని. అక్కడి జనానికి ఆ సంగతి ఇట్టే తెలిసిపోయి దానికి 'డిస్కో యెతి' అని పేరు పెట్టారు. ఏళ్ల తరబడి అది అలా డిస్కో ఆడుతూనే ఉంది.

అదే సంస్థ కాలిఫోర్నియా పార్కులోని దయ్యాల కొంపది మరో కథ. 1969 ఆగస్టులో దాన్ని తెరిచినప్పుడు ఒక ముసలి దయ్యం ఉండేది. భుజాల మీది తల మాయమై, చేతిలోని టోపీ పెట్టెలో కనిపించాలి. కానీ మీద తల సరిగా మాయం కాలేదు. కొద్ది రోజులకే దాన్ని తీసేశారు. చూసినవాళ్లు చూశామన్నారు, చూడనివాళ్లు అలాంటిదేదీ లేదన్నారు. చివరికి 2015లో కొత్త పరికరాలతో దాన్ని మళ్లీ తెచ్చిపెట్టారు. నలభై ఆరేళ్లు! 1969లో చూసిన పిల్ల 2015 నాటికి మనవరాలిని తీసుకుని వచ్చి ఉంటుంది. "చూశావా, నేను అబద్ధం చెప్పలేదు" అని ఆ అమ్మమ్మ అనే ఉంటుందని నాకెందుకో గట్టి నమ్మకం.

ఫ్లోరిడాలో యూనివర్సల్ వాళ్ల 'జాస్' సవారీలో సొరచేప 1990లో పార్కు తెరిచిన రోజుల్లోనే మొరాయించింది. ఎంత తంటాలు పడ్డా కాకపోయేసరికి దాన్ని మూసేసి, చాలావరకు కొత్తగా కట్టి 1993లో మళ్లీ తెరిచారు. నాకు ఈ పద్ధతే నచ్చింది. మూసేసినప్పుడు టికెట్టు అమ్మరు గదా.

మన చెడిపోయిన వస్తువుల వెనక మరో సంగతి ఉంది. దానికి నా చిన్ననాటి నాగకన్య దగ్గరికి పోవాలి.

1970లలో మాట. నాకు తొమ్మిదో పదో. గుడారంలో ఎత్తుగా ఒక పెట్టె, ముందు భాగం తెరిచి ఉండేది. లోపల గుడ్డతో కుట్టిన పాము చుట్టలు, వాటి మీద నిజమైన ఆడపిల్ల తల. కింద అంతా ఖాళీ, వెనక గోడ దాకా కనిపిస్తున్నట్టే ఉండేది. "నీ పేరేమి?" అంటే తల జవాబిచ్చేది. "ఎందుకిట్లయినవ్?" అంటే, తల్లి మాట విననందుకు ఇలా అయిందని చెప్పేది. (తండ్రి మాట విననందుకు పామైన మగపిల్లవాడిని మాత్రం ఏ జాతరలోనూ నేను చూడలేదు.)

ఆ ఏడు ముందు వరసలో నిలబడ్డాను. పెట్టెలో కింది ఖాళీ జాగాకు అడ్డంగా, పాము చుట్టల కింద ఒక గీత కనిపించింది. వంకరగా, మెరుస్తూ. చూడగా చూడగా తెలిసింది, అది అద్దం పగులు. ఆ పగులు దగ్గర అద్దం ముక్క ఒకటి ఊడిపోయి, వేలెడంత సందు ఉంది. అందులోంచి ఒక కాలు కనిపించింది. పట్టీ ఉన్న కాలు. నా కాలంత కాలు. తిమ్మిరెక్కిందేమో, వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉంది. పైన తల మాత్రం నవ్వుతూ తల్లి మాట విననందుకు పామునయ్యాను అని చెబుతూనే ఉంది.

"అమ్మా, ఆమెకు కాళ్లున్నయి" అన్నాను. మా అమ్మ నా తల మీద ఒకటి మొట్టి, "నోరు మూసుకుని సూడు" అంది.

ఆ మాయ ఎలాంటిదో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. రెండు అద్దాలను కోణంగా నిలబెడతారు. అవి పక్క గోడలను చూపిస్తాయి. పక్క గోడలూ వెనక గోడా ఒకేలా ఉంటే, మన కంటికి అద్దం ఉన్నట్టే తోచదు, మధ్యలో ఖాళీ ఉందనే అనిపిస్తుంది. అద్దాల వెనక మనిషి కూర్చుని కంతలోంచి తల బయట పెట్టాలి. 1865లో లండన్‌లో స్టోడేర్ అనే గారడీవాడు 'స్ఫింక్స్' అని పేరు పెట్టి, మాట్లాడే తలను ఇలాగే చూపించాడు. అద్దం మీద వేలి ముద్ర పడినా, పగులు వచ్చినా మాయ పోయినట్టే. మా కురుమూర్తిలోనూ అదే జరిగింది. కాకపోతే లండన్ జనం చూసింది గారడీ, నేను చూసింది కాలు.

ఇప్పుడు ఆ నల్ల దుప్పటి సంగతి.

మా చెల్లెలి మొక్కు ఒకటి మిగిలి ఉండి మర్నాడు పొద్దున్నే మళ్లీ కొండకు వెళ్లాను. గుడారాల వెనక వైపు నుంచి వస్తుంటే ఒక పిల్లవాడు బకెట్టు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. దగ్గును బట్టి గుర్తుపట్టాను. టీ తాగుతావా అంటే తలూపాడు. ఎముకల గూడు ఏమైందని అడిగాను. "లారీల ఉందమ్మా. మోటరు కాలిపోయింది. సేటు తెప్పిస్తనన్నడు. అందాక నన్ను ఒర్రమన్నడు." ఎన్ని రోజులైంది? "దసరా కాడికెల్లి." వయసెంత? "పదారు." చూస్తే పదమూడుకు మించి ఉండడు. గొంతు పూర్తిగా రాసుకుపోయింది.

అంటే ఏమిటి? మోటారు కాలితే బాగుచేయడానికి డబ్బు కావాలి. పిల్లవాడి గొంతు కాలితే అక్కర్లేదు. నా చిన్నప్పటి అద్దాల వెనక కాలు, ఇప్పటి దుప్పటి వెనక గొంతు రెండూ ఒకటే. చెడింది చెడిందని ఒప్పుకోనిచోట, చెడనట్టు నటించడానికి ఒక మనిషి కావాలి. తక్కువకు దొరికే మనిషి. ఎదురు చెప్పని మనిషి.

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి అయ్యాక సొంత ఇంటి వృత్తిలో సాయం చేయడానికి, సినిమాలు, టీవీల వంటివాటిలో నటించడానికి షరతులతో మినహాయింపు ఇచ్చారు గానీ, సర్కస్‌ను అందులోంచి ప్రత్యేకంగా తీసేశారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. అనుమానం వస్తే 1098కి ఫోను చేయాలి. ఇవన్నీ నాకు తెలుసు. ఇలాంటి పేజీల్లో ఎన్నిసార్లో రాశాను కూడా. కానీ ఆ పొద్దున ఆ పిల్లవాడికి టీ, రెండు బన్నులు ఇప్పించి, "గొంతుకు వేడినీళ్లు పుక్కిలించు బిడ్డా" అని సలహా చెప్పి వచ్చేశాను. 1098 గుర్తుకొచ్చేసరికి బస్సు ఆత్మకూర్ దాటింది. రాసేవాళ్లంతా చేసేవాళ్లు కారు, నన్ను చూడండి.

మనం నోరులేని వాళ్లమేమీ కాదు. కూరగాయల బండి దగ్గర కొసరు కరివేపాకు వేయకపోతే ఊరుకోం. చీర మడత విప్పి దారం పోగు లేచిందేమోనని దీపం వెలుగులో పెట్టి చూస్తాం. పాలు పలుచనైతే పాలాయన్ని వాకిట్లోనే నిలేస్తాం. అలాంటి మనం పిల్లల ఆనందం కోసం కొన్న టికెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పోనీలే అంటాం? అది సరుకు కాదనా? ఇంటికి తెచ్చుకునే వస్తువు కాదు కాబట్టి లెక్కలోకి రాదనా? లేక జాతరలో, పార్కులో ఆడది గొంతు పెంచితే పక్కనున్న మగవాళ్లే "ఊరుకోవే, పరువు తీస్తావా" అంటారనా? నాకైతే మూడోదే నిజమనిపిస్తుంది.

చట్టం మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకుంది. 1986 నాటి వినియోగదారుల చట్టంలోనూ, దాని స్థానంలో 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టంలోనూ 'సేవ' అన్న మాటకు అర్థం చెబుతూ వినోదాన్ని కూడా అందులో చేర్చారు. అంటే బోర్డు మీద బొమ్మ వేసి, లోపల అది లేకపోతే అడిగే హక్కు ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. యాభై రూపాయలకు కమిషన్ దాకా ఎవరు పోతారంటారా? ఎవరూ పోరు, నేనూ పోను. కానీ టికెట్టు తీసుకునే ముందు "అన్నా, లోపల అన్నీ నడుస్తున్నాయా? ఏదైనా ఖరాబైందా?" అని అడగడానికి ఏ కమిషనూ అక్కర్లేదు. పదిమంది తల్లులు వరసలో నిలబడి పదిసార్లు అడిగితే, పదకొండోసారికి ఆయనే ఒక అట్ట ముక్క మీద రాసి పెడతాడు. "ఈ రోజు ఎముకల గూడు లేదు, టికెట్టు ముప్పయి." అలా రాసి ఉంటే నేను కొనేదాన్ని కాదా? కొనేదాన్నే. పిల్లకు ముందే చెప్పి తీసుకెళ్లేదాన్ని.

ఎముకల గూడు లేవకపోతే ప్రాణం పోదు. కానీ దాన్ని చూసే చేతులే రంగులరాట్నం బోల్టులనూ చూస్తాయి. హైదరాబాద్ నుమాయిష్ 1938 నుంచి జరుగుతున్న పెద్ద ఎగ్జిబిషన్. అక్కడ కూడా 2025 జనవరిలో ఒక సవారీ యంత్రం ఆగిపోయి, ఎక్కినవాళ్లు ఇరవై నిమిషాలకు పైగా తలకిందులుగా వేలాడారు. దేవుడి దయ, అందరూ క్షేమంగా దిగారు. 2020 అక్టోబరులో అదే హైదరాబాద్ శివార్లలో గో-కార్టు నడుపుతుండగా జుట్టు చక్రంలో చిక్కుకుని ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతె ప్రాణం పోగొట్టుకుంది. జడ, చున్నీ, పైట కొంగు ఇవి మన ఒంటి మీద ఉండేవే. ఎక్కే ముందు జడ ముడి వేసి, చున్నీ బిగించి కట్టుకోవాలని చెప్పే మనిషి అక్కడ ఉన్నాడా, సీటు కడ్డీకి కొక్కెం ఉందా, తాడు కట్టి సరిపెట్టారా అని చూడండి. బయట కనిపించే చిన్న బొమ్మ మూడు వారాలుగా చెడి ఉంటే, అక్కడ కనిపించని నట్టు గురించి నేనైతే నమ్మను. పిల్ల ఏడ్చినా సరే ఎక్కనివ్వను.

ఇక నా లెక్క నేను తేల్చుకోవాలి గదా. పోయిన ఆదివారం ఫోను చేశాను. అదే తీసింది.

"ఏమే, ఆ రోజు నువ్వు సరిగ్గానే చూశావు. ఎముకలాయన అక్కడ లేడు. మోటారు కాలిపోతే లారీలో పెట్టారట. నాకు ఆ రోజే తెలుసు, చెప్పలేదు" అన్నాను.

కాసేపు అవతల ఏమీ వినిపించలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"మరి ఆ అన్నకు గొంతు తగ్గిందా అమ్మమ్మా?" అంది.

తెలియదే, అన్నాను. కనుక్కుని చెప్పమంది.